వేళ్లకూ ఊపిరాడాలి: అపోహలు - వాస్తవాలు

వేరంటే నీళ్లు పీల్చే గొట్టమనే లెక్కలోనే చాలామంది ఉంటారు. పొలంలో అయినా ల్యాబ్‌లో అయినా సగం పొరపాట్లు అక్కడే మొదలవుతాయి.

అపోహ: చేలో నీళ్లు నిలిచాయి కాబట్టి మొక్కకు నీటి కొరత ఉండదు. వాడిందంటే తెగులే.

వాస్తవం: పెద్ద వాన తర్వాత మిరప, పత్తి, కంది నీళ్లలో నిలబడే వాడిపోతాయి. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మట్టిలోని ఖాళీలు నీటితో నిండాక, మిగిలిన ఆ కాస్త ఆక్సిజన్‌ను వేళ్లూ సూక్ష్మజీవులూ త్వరగానే వాడేస్తాయి. ఇక వేరు కణానికి కిణ్వనమే (ఆక్సిజన్ లేకుండా చక్కెరను విరగ్గొట్టడమే) దిక్కు. ఒక గ్లూకోజ్ అణువుకు సుమారు 30 ఏటీపీలు (కణం శక్తిగా వాడుకునే అణువులు) రావాల్సిన చోట రెండే వస్తాయి. పైగా కణద్రవ్యం ఆమ్లత పెరుగుతుంది. దాంతో కణత్వచంలో నీటికి దారిచ్చే ఆక్వాపోరిన్లు మూసుకుంటాయి. ఈ మూతపడటంలో ఆ ప్రోటీన్‌లోని హిస్టిడిన్ అనే ఒక అమైనో ఆమ్లానిదే కీలక పాత్ర అని 2003లో అరాబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్క వేళ్ల మీద చేసిన పని తేల్చింది. అందుకే చుట్టూ నీళ్లున్నా మొక్క లోపల ఎండుతుంది. ముందు కాలువ తీసి నీళ్లు బయటికి పంపండి, మందు సంగతి తర్వాత. ఊపిరాడని వేళ్లకు కుళ్లు తెగులు తేలిగ్గా సోకుతుంది, నిజమే. కానీ చాలాసార్లు అది రెండో అంకం.

అపోహ: వరి వేరుకు ఆక్సిజన్ అక్కర్లేదు.

వాస్తవం: కావాలి. ఆకుల నుంచి గాలి గదుల గుండా కిందికి చేరుతుంది. వేరును అడ్డంగా పల్చగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ ఖాళీలు కనిపిస్తాయి. పైరు మొత్తం మునిగితే ఆ దారీ మూసుకుపోతుంది. మార్టేరు పరిశోధన కేంద్రం వరి రకం స్వర్ణకు (ఎంటీయూ 7029) ముంపు తట్టుకునే సబ్1 జన్యువును జోడించిన స్వర్ణ-సబ్1 సుమారు రెండు వారాల ముంపు తట్టుకునేది ఎదుగుదల ఆపి, పిండి పదార్థాన్ని పొదుపు చేసుకోవడం వల్ల.

అపోహ: తెల్లటి వేరు బతికున్నట్టు, గోధుమ రంగుది చచ్చినట్టు.

వాస్తవం: ముదిరిన వేరు పైపొర గోధుమ రంగుకు తిరిగినా లోపల బతికే ఉండొచ్చు. అప్పుడే చచ్చిన వేరు తెల్లగానే ఉంటుంది. తేల్చుకోవాలంటే టీటీసీ (ట్రైఫినైల్ టెట్రజోలియం క్లోరైడ్) అనే రసాయనంతో పరీక్ష చేయాలి. మట్టి కడిగి, వేరు చివరి 2 సెంటీమీటర్లు కోయండి. పీహెచ్ 7 ఫాస్ఫేట్ బఫర్‌లో (ఆమ్లతను నిలకడగా ఉంచే ద్రావణంలో) 0.4 శాతం టీటీసీ కలిపి, ముక్కలు మునిగేలా పోసి, 37 డిగ్రీల దగ్గర చీకట్లో రెండు మూడు గంటలు ఉంచండి. బతికున్న కణాల్లోని డీహైడ్రోజినేజ్ ఎంజైమ్‌లు రంగులేని టీటీసీని ఫార్మజాన్ అనే ఎర్రటి పదార్థంగా మారుస్తాయి. వేరు కొనలో ఎరుపు చిక్కగా ఉంటుంది. పోల్చి చూడటానికి పక్కనే పది నిమిషాలు ఉడికించి చంపిన వేళ్లను కూడా పెట్టాలి, చాలామంది ఎగ్గొట్టేది ఇదే. ఆ ముక్కలూ ఎర్రబడితే పనిచేసింది వేరు కాదు, బ్యాక్టీరియానో వెలుతురో. రాత్రంతా వదిలేసిన గొట్టాల్లో ఇలాగే అవుతుంది.

అపోహ: వేరుశనగ వేళ్లకు నత్రజనిని స్థిరీకరించే బ్యాక్టీరియా ఉండే బుడిపెలు ఎన్ని ఉంటే నత్రజని అంత.

వాస్తవం: లెక్కపెట్టి వదిలేయొద్దు, కోసి చూడండి. మొక్కను పీకితే బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. పారతో మట్టిగడ్డతో సహా తీసి నీళ్లలో నానబెట్టి కడగాలి. బ్లేడుతో కోస్తే లోపల గులాబీ లేదా ఎరుపు కనిపించాలి, అది ఆక్సిజన్‌ను పట్టి ఉంచే లెగ్‌హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్ రంగు. తెలుపైతే పని మొదలుకానట్టు లేదా చేయనట్టు. ఆకుపచ్చగా ఉంటే ముసలిదైపోయినట్టు. ఒక నత్రజని అణువును స్థిరీకరించడానికి కనీసం 16 ఏటీపీలు కావాలి. వాటి కోసం శ్వాస బాగా సాగాలి, కానీ స్వేచ్ఛగా ఆక్సిజన్ తగిలితే నత్రజనిని స్థిరీకరించే నైట్రోజినేజ్ ఎంజైమ్ పాడైపోతుంది. ఈ రెంటినీ కుదిర్చేది లెగ్‌హిమోగ్లోబినే. యూరియా ఎక్కువ వేస్తే బుడిపెలే తగ్గుతాయి.

అపోహ: వేళ్ల జీవక్రియకూ జంతు కణాల పరిశోధనకూ సంబంధం లేదు.

వాస్తవం: ఏటీపీ బయటపడిందే కండరంలో, 1929లో. జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్కేతో కలిసి భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు, ఎవరికి వారుగా కనుగొన్నారు. ఫిస్కే, సుబ్బారావుల 1925 నాటి భాస్వరం అంచనా పద్ధతినే వేరు పొరల్లో ఏటీపీని విడగొట్టే ఏటీపేజ్ ఎంజైమ్ కొలతలోనూ వాడతారు. ఎంజైమ్ విడుదల చేసిన ఫాస్ఫేట్ మాలిబ్డేట్ అనే రసాయనంతో కలిసి, క్షయకరణం చెందాక నీలం రంగునిస్తుంది. ఇక్కడ ఇబ్బంది గాజు సామానుతోనే. ఫాస్ఫేట్ ఉన్న డిటర్జెంట్‌తో కడిగితే బ్లాంకే (నమూనా వేయని గొట్టమే) నీలంగా వస్తుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. బ్లాంక్ నీలం తిరిగితే ఆ బ్యాచ్ రీడింగులు పక్కన పెట్టేయడమే.