ఫైట్ సీన్‌లో వేగం: అపోహలు - వాస్తవాలు

నేను క్రైమ్ కథలు రాస్తాను. కొత్తగా రాసేవాళ్లు పంపిన కథలు చదివి దిద్దుతుంటాను కూడా. పోరాటం దగ్గరికొచ్చేసరికి దాదాపు అందరూ ఒకే సలహాను నమ్ముకుని ఉంటారు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: చిన్న చిన్న వాక్యాలు రాస్తే వేగం దానంతటదే వస్తుంది.

వాస్తవం: ఇది ఇంగ్లిషు రాతకు పుట్టిన సూత్రం. తెలుగులో రాసి చూడండి: "శీను లేచాడు. వాకిలి దాటాడు. గోడ దూకాడు. బురదలో పడ్డాడు." ప్రతి "డు" దగ్గరా చదివేవాడి కన్ను ఆగుతుంది. హాజరుపట్టీ చదివినట్టుంటుంది. ఇప్పుడిది చూడండి: "శీను లేచి, వాకిలి దాటి, గోడ దూకి బురదలో పడ్డాడు." అవే పనులు, కానీ పరుగు వచ్చింది. అసమాపక క్రియ దగ్గర వాక్యం ముగియదు కదా! "లేచి" అనగానే "లేచి ఏం చేశాడు?" అన్న ఆత్రం మొదలవుతుంది. మన భాష ఇచ్చిన వరం ఇది, దయచేసి వదులుకోకండి. గొలుసు నాలుగైదు క్రియలు దాటితే మాత్రం ఊపిరాడదు. చిన్న వాక్యానికి చోటు ఆ తర్వాత. శీను బురదలో పడ్డాక పేరా మార్చి, "ఎదురుగా రెండు బూట్లు." అంతే. అక్కడ క్రియ కూడా అక్కర్లేదు.

అపోహ: ఎంత త్వరగా చెబితే అంత ఉత్కంఠ.

వాస్తవం: దెబ్బ పడ్డాక మిగిలేది నొప్పి. ఉత్కంఠంతా దెబ్బకు ముందే. బుర్రకథ చూసినవాళ్లకు ఇది తెలుసు. కథకుడు యుద్ధఘట్టాన్ని పతాక స్థాయికి తెచ్చిన సమయంలో, హాస్యం చెప్పే వంత అడ్డుపడి ఏదో అడుగుతాడు. జనం నవ్వుతారు. వీరుడు ఎత్తిన కత్తి ఇంకా దిగలేదన్న సంగతి మాత్రం ఎవరూ మరిచిపోరు.

రాతలోనూ అంతే. తలుపు వెనక ఒకడు నక్కి ఉన్నాడని పాఠకుడికి ముందే చెప్పేయండి. ఆ తర్వాత కథానాయిక చేత తాళంచెవి వెతికించండి. సంచిలో వంకాయల కింద లేదు, పర్సులో చిల్లర మధ్య లేదు, కొంగుకే ముడేసుకుంది. ఆ వెతుకులాటకు పేరా మొత్తం ఇవ్వండి. తలుపు తెరుచుకున్నాక ఒక్క వాక్యం చాలు.

అపోహ: యాక్షన్ ఉన్నచోట వర్ణన ఉండకూడదు.

వాస్తవం: పోరు మధ్యలో వద్దు, నిజమే. ముందే ఉండాలి. మెట్ల మీది పాచి రెండు పేజీల ముందే కనిపించకపోతే, కాలు జారే క్షణంలో కథ ఆపి పాచి సంగతి చెప్పాల్సొస్తుంది.

అపోహ: "ధడేల్", "ఫెళ్లున", మూడేసి ఆశ్చర్యార్థకాలు ఊపు తెస్తాయి.

వాస్తవం: సీనుకు ఒక్క చప్పుడు చాలు.

రాశాక గట్టిగా చదవండి. ఊపిరి తీసుకున్న ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. పరుగు దగ్గర గీతలు పలచగా, దెబ్బకు ముందు ఒత్తుగా ఉన్నాయేమో చూసుకోండి. తారుమారైతే ఆ పేరా మళ్లీ రాయండి.