ఎఫ్‌డీలు తప్ప తెలియని బాబాయ్ ఆప్షన్స్‌లోకి ఎలా దిగాడు

మా బాబాయ్ ఎఫ్‌డీలు, చీటీలు తప్ప ఇంకోటి ముట్టిన మనిషి కాదు, అలాంటిది లాక్‌డౌన్‌లో షేర్లు కొనడానికి డీమ్యాట్ ఖాతా తెరిచి ఏడాది తిరిగేసరికి ఆప్షన్స్‌లో, అంటే రేటు ఎటు పోతుందో అని పందెం కాసినట్టుండే ట్రేడింగ్‌లో దిగాడు. ఈయనకి ఇంత ధైర్యం ఎక్కడిదిరా అని ఇంట్లో అందరూ అన్నారు, నాకు మాత్రం అది భయంలాగే కనిపించింది.

డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్స్కీ అనే సైకాలజిస్టులు 1979లో అచ్చేసిన పేపర్‌లో ఒక ప్రశ్న ఉంటుంది. ఖచ్చితంగా 3000 తీసుకుంటారా, లేక 80 శాతం ఛాన్స్‌తో 4000 కోసం చూస్తారా? సగటు లెక్క కడితే రెండోది 3200, అంటే అదే ఎక్కువ, అయినా నూటికి 80 మంది ఆ 3000 చాలన్నారు. తర్వాత ప్రశ్న తిరగేశారు, ఖచ్చితంగా 3000 పోవడమా, 80 శాతం ఛాన్స్‌తో 4000 పోవడమా అని. ఈసారి 92 శాతం మంది రెండోదానికే వెళ్ళారు, అసలేం పోకుండా బయటపడే ఆ 20 శాతం మీద ఆశతో.

బాబాయ్ కూడా అంతే, రెండు వేలు లాభం కనపడగానే అమ్మేసేవాడు, నష్టంలో ఉన్నదాన్ని మాత్రం "కొన్న రేటు రానీరా, అమ్మేస్తా" అని అట్టిపెట్టుకునేవాడు. ఆయన ఎంతకి కొన్నాడో మార్కెట్‌కేం తెలుసు, అది ఆయన మనసులో గీసుకున్న గీత. గీతకి పైనున్నంతసేపు జాగ్రత్త, కిందికి జారితే మొండితనం. నలభై వేలు పోయాక వాటిని రాబట్టడానికే ఆప్షన్స్. మార్కెట్‌ని పర్యవేక్షించే సెబీ లెక్క ప్రకారం 2024 మార్చితో ముగిసిన మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన మామూలు ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్ల పైనే, చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది.

పిన్నికేమో బంగారం అంటే రిస్క్ అన్న మాటే తట్టదు. 2011లో ఔన్సు 1900 డాలర్లు దాటిన బంగారం 2015 చివరికి 1050 దాకా పడింది, రూపాయి కూడా పడడంతో ఇక్కడ అంతగా తెలీలేదు, పైగా గాజులు చేతికే ఉన్నాయి, వాటి రేటు రోజూ ఫోన్‌లో ఎర్రగా కనపడదు కదా.

పోయిన నెల బాబాయ్‌ని ఒకటే అడిగా, "ఈ షేర్ నీ దగ్గర లేదనుకో, చేతిలో క్యాష్ ఉంది, ఈరోజు ఈ రేటుకి కొంటావా?" చాలాసేపు ఫోన్ వంకే చూశాడు.

"కొనను రా" అన్నాడు.