సాకెట్ కలిసిందని ప్రాసెసర్ కొనేస్తున్నారా? పాత డెస్క్‌టాప్ అప్‌గ్రేడ్: అపోహలు - వాస్తవాలు

వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ప్రాసెసర్, కింద ఒక లైను: "అన్నా, ఇది మా సిస్టమ్‌కి పడుతుందా?" కొనకముందు అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేస్తాను. కానీ డబ్బులు కట్టి, పార్సిల్ విప్పి, బిగించి చూసి, డిస్‌ప్లే రాకపోయాక అడుగుతారు. ఈ మధ్య ఇవి మరీ ఎక్కువయ్యాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోవడంతో, పాత సిస్టమ్ ఉన్నవాళ్లందరికీ ఏదో ఒకటి మార్చెయ్యాలన్న కంగారు పట్టుకుంది. దానికి తోడు "రెండు వేలతో మీ పాత పీసీ దూసుకుపోతుంది" అనే వీడియోలు. వాటిలో మదర్‌బోర్డు పేరు చెప్పేవాళ్లు అరుదు.

ఈ పనిలో అపోహలు చాలానే ఉన్నాయి కానీ జేబుకి చిల్లు పెట్టేది ఒకటే. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: సాకెట్ నంబర్ కలిస్తే ప్రాసెసర్ పనిచేస్తుంది

బస్సులో సీటు దొరికినంత మాత్రాన ఆ బస్సు మన ఊరికి వెళ్తుందని కాదు కదా. సాకెట్ సంగతీ అంతే, అది ప్రాసెసర్ కూర్చునే చోటు మాత్రమే. కూర్చున్నదాన్ని గుర్తుపట్టి లేపాల్సింది చిప్‌సెట్ (ప్రాసెసర్‌నీ మిగతా భాగాలనీ కలిపే బోర్డు మీది చిప్), బయోస్ (ఆన్ చెయ్యగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్). దానికి కావాల్సినంత కరెంటు ఇవ్వాల్సింది బోర్డు మీది పవర్ సెక్షన్. ఈ మూడింట్లో ఏది ఒప్పుకోకపోయినా మీరు కొన్నది కీచైన్‌కి తప్ప పనికిరాదు.

అందరూ ఎక్కువగా మోసపోయేది ఇంటెల్ వాళ్ల ఎల్‌జీఏ 1151 సాకెట్ దగ్గర. 2015లో 6వ జనరేషన్, 2017 మొదట్లో 7వ జనరేషన్ ఈ సాకెట్ మీదే వచ్చాయి. వాటికి 100, 200 సిరీస్ బోర్డులు: హెచ్110, బీ150, బీ250 లాంటివి. అదే 2017 అక్టోబర్‌లో 8వ జనరేషన్ వచ్చింది. సాకెట్ పేరు అదే 1151. పిన్నుల సంఖ్య అదే, పక్కన గాట్లూ అదే చోట. కానీ ఆరు కోర్లకి కరెంటు ఎక్కువ కావాలి కాబట్టి, అంతకుముందు ఖాళీగా ఉంచిన కొన్ని పిన్నులని ఇంటెల్ పవర్‌కీ గ్రౌండ్‌కీ కేటాయించింది. 8, 9 జనరేషన్లకి 300 సిరీస్ బోర్డే ఉండాలని తేల్చేసింది. పాత బోర్డులో పెడితే చక్కగా కూర్చుంటుంది, లివర్ పడుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది. డిస్‌ప్లే మాత్రం రాదు. 300 సిరీస్ బోర్డులో 6, 7 జనరేషన్ పెట్టినా ఇదే కథ.

మా ఊళ్లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక తమ్ముడున్నాడు. హెచ్110 బోర్డు, 6వ జనరేషన్ ఐ5-6500. ముహూర్తాలు మొదలయ్యేలోపు రెండరింగ్ స్పీడ్ కావాలని ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ ఐ7-8700 కొన్నాడు. అది 8వ జనరేషన్. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, సాకెట్ 1151. తనే బిగించాడు, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్టు కూడా పద్ధతిగానే పెట్టాడు. డిస్‌ప్లే రాలేదు. క్యాబినెట్ ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చాడు. "అన్నా, బోర్డు కాలిపోయిందా? హార్డ్ డిస్క్‌లో మూడు పెళ్లిళ్ల ఫుటేజ్ ఉంది" అన్నాడు. మనిషి గొంతు వణుకుతోంది. నేను ఇంకేం మాట్లాడకుండా పాత ఐ5 తిరిగి పెట్టి, సీమాస్ సెల్ (బయోస్ సెట్టింగులు నిలబెట్టే చిన్న బ్యాటరీ) తీసి మళ్లీ వేసి ఆన్ చేశాను. బీప్ వచ్చింది, డిస్‌ప్లే వచ్చింది. అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

బోర్డు బాగానే ఉంది, ఫుటేజ్ బాగానే ఉంది. మిగిలింది ఆ ఐ7. అమ్మినతనికి ఫోన్ చేస్తే, "1151 అడిగారు, 1151 ఇచ్చాను" అన్నాడట. అందులో అబద్ధమేమీ లేదు కూడా. చివరికి ఒక సెకండ్ హ్యాండ్ బీ360 బోర్డు వెతికి పెట్టాం. అతనిది డీడీఆర్4 ర్యామ్ కావడంతో అదే సరిపోయింది, లేకపోతే ర్యామ్ ఖర్చు కూడా నెత్తిన పడేది. హెచ్110 మీద ఆగిపోవాలనుకుంటే ముందే ఐ7-6700 కొనుక్కుని ఉండొచ్చు, నాలుగు కోర్లతోనైనా పని జరిగేది.

"పిన్నులకి టేపు అంటించి, బయోస్ మార్చి 8వ జనరేషన్ నడిపించారట కదా?" అని అడిగేవాళ్లుంటారు. నిజమే, నడిపించినవాళ్లున్నారు. అది తీరిక ఉన్నవాళ్ల సరదా. దాని మీద అన్నం తినే సిస్టమ్‌తో ఆ ప్రయోగాలు వద్దు.

1155 సాకెట్ వాళ్లకి ఇంకో రకం దెబ్బ. 2011 నాటి హెచ్61 బోర్డుల్లో 3వ జనరేషన్ పడాలంటే ముందు బయోస్ అప్‌డేట్ చెయ్యాలి. అంతవరకు ఫర్వాలేదు. కానీ ఆఫీసుల నుంచి వేలంలో బయటికొచ్చి రీఫర్బిష్డ్ అని అమ్ముడయ్యే బ్రాండెడ్ డబ్బాలు చాలావాటిలో క్యూ65, క్యూ67 చిప్‌సెట్లు ఉంటాయి. వీటికీ, బీ65కీ 3వ జనరేషన్ సపోర్టుని ఇంటెల్ అసలు ఇవ్వలేదు. పక్కింటివాళ్ల హెచ్61లో ఐ7-3770 నడుస్తోందని మన క్యూ65లో నడవాలని లేదు. అక్కడ 2వ జనరేషన్‌తో ఆగిపోవాల్సిందే.

ఇదంతా పాత చింతకాయ పచ్చడి, మాది 2020లో కొన్న సిస్టమ్ అంటారా? ఎల్‌జీఏ 1200 మీద 10, 11 రెండు జనరేషన్లూ ఉన్నాయి. హెచ్410, బీ460 చిప్‌సెట్లు మాత్రం 10వ దానితోనే సరి. ఐ3-10100 తీసి ఐ5-11400 పెడదామనుకున్నవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. మళ్లీ ఇందులో ఒక మెలిక: కొన్ని కంపెనీలు బోర్డు పేరు చివర వీ2 అని తగిలించి, లోపల వేరే చిప్‌సెట్ పెట్టి అమ్మాయి. వాటిలో 11 నడుస్తుంది. అందుకే పేరు పూర్తిగా చదవమనేది.

ఏఎండీ వాళ్లది దీనికి పూర్తిగా ఉల్టా. ఏఎమ్4 సాకెట్ ఉన్న 2017 నాటి ఏ320 బోర్డులు పనికిరావని చాలామంది పక్కన పడేశారు. 2022లో ఏఎండీ, ఏ320 లాంటి తన 300 సిరీస్ బోర్డులకి కూడా రైజెన్ 5000 సపోర్టు తెరిచింది. బోర్డు కంపెనీ బయోస్ వదిలి ఉంటే మొదటి తరం రైజెన్ తీసి 5600 పెట్టుకోవచ్చు. నా దృష్టిలో పాత డెస్క్‌టాప్ అప్‌గ్రేడ్‌లలో పెట్టిన డబ్బుకి నిజంగా న్యాయం చేసేది ఇదే. ఇక్కడా ఒక జాగ్రత్త ఉంది. బయోస్ చిప్‌లో చోటు చాలక కొన్ని కొత్త బయోస్‌లు పాత ఏ-సిరీస్ ప్రాసెసర్ల సపోర్టుని తీసేశాయి. అప్‌డేట్ అయ్యాక పాతది పెడితే లేవదు.

మరి ఎలా తెలుసుకోవాలి? విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. బేస్‌బోర్డ్ ప్రోడక్ట్ అన్నచోట బోర్డు మోడల్, దగ్గర్లోనే బయోస్ వెర్షన్ ఉంటాయి. సైడ్ ప్యానెల్ తీసి బోర్డు అంచున అచ్చేసిన రెవిజన్ నంబర్ కూడా రాసుకోండి. ఒకే పేరుతో 1.0, 2.0 అని రెండు రకాలుంటాయి, రెండింటి లిస్టులూ వేరు. ఆ మోడల్ పేరుతో కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ చూడండి. ప్రతి ప్రాసెసర్ ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. మీరు కొనబోయేది లిస్టులో ఉంటే కొనండి, లేకపోతే అమ్మేవాడు ఒట్టేసినా కొనొద్దు. బ్రాండెడ్ సిస్టమ్ అయితే ఆ మోడల్‌కి కంపెనీ ఏ ప్రాసెసర్లతో అమ్మిందో వాటితోనే సరిపెట్టుకోండి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లి కొనేవాళ్లు వీలైతే బోర్డు కూడా పట్టుకెళ్లి, అక్కడే డిస్‌ప్లే చూసి డబ్బులివ్వండి.

ఇక వరస. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చెయ్యాలి, ఆ తర్వాతే కొత్తది బిగించాలి. చాలామంది కొత్తది పెట్టేసి, డిస్‌ప్లే రాకపోతే అప్పుడు బయోస్ ఎలా అని అడుగుతారు. అప్‌డేట్ చేసేటప్పుడు యూపీఎస్ ఉండాలి, ఆ యూపీఎస్ బ్యాటరీ బతికి ఉండాలి. మబ్బు పట్టి కరెంటు వస్తూ పోతూ ఉన్నరోజు ఆ పని పెట్టుకోవద్దు. మధ్యలో ఆగిపోయిందే అనుకోండి, "బోర్డు పోయింది, కొత్తది తీసుకోండి" అని ఎవరైనా అంటే వెంటనే తలూపకండి. బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న చిప్ ఒకటుంటుంది, బయోస్ ఉండేది అందులోనే. సీహెచ్341ఏ అనే చిన్న ప్రోగ్రామర్‌కి క్లిప్ తగిలించి, ఆ క్లిప్ చిప్ మీద పట్టించి, లాప్‌టాప్ నుంచి బయోస్ మళ్లీ రాసెయ్యొచ్చు. చిప్ లెవెల్ సర్వీస్ చేసే ఏ షాపులోనైనా అది మామూలు పనే.

సపోర్ట్ లిస్టులో ఉన్నా పవర్ సంగతి చూసుకోవాలి. ఐ3-2120 టీడీపీ (కూలర్ తట్టుకోవాల్సిన వేడి లెక్క) 65 వాట్లు, ఐ7-2600ది 95. ఐ3తో వచ్చిన పొట్టి అల్యూమినియం కూలర్‌నే ఐ7 మీద పెడితే వేసవిలో దాని అరుపు వీధిలోకి వినిపిస్తుంది, స్పీడూ పడిపోతుంది. మధ్యలో రాగి దిమ్మ ఉన్న ఎత్తు కూలర్ వెతుక్కోండి.

మిగతా అపోహలు ఇక పరుగులోనే చెప్తాను.

"సిస్టమ్ స్లో అయింది, అంటే ప్రాసెసర్ పాతబడింది." ఎక్కువసార్లు కాదు. టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. డిస్క్ వంద శాతం, సీపీయూ పది శాతం చూపిస్తుంటే దోషి హార్డ్ డిస్క్. దాని బదులు ఎస్‌ఎస్‌డీ వెయ్యండి, 4 జీబీ ర్యామ్ ఉంటే 8 చెయ్యండి. హెచ్61లో సాటా (డిస్క్ తగిలించే పోర్టు) స్పీడ్ 3 గిగాబిట్లే కదా, ఎస్‌ఎస్‌డీ దండగ అంటారు కొందరు. ఆ స్పీడ్‌లో కూడా తేడా కళ్లకి కనిపిస్తుంది. డీటీపీ చేసే ఒక మేడం ఐ7 కోసం వచ్చి ఎస్‌ఎస్‌డీతో వెళ్లారు, మళ్లీ ఐ7 మాటెత్తలేదు.

"ఐ7 అంటే ఐ7." ఐ7-2600కీ ఐ3-10100కీ కోర్లూ థ్రెడ్లూ సమానమే, నాలుగు, ఎనిమిది. పనిలో ఐ3 సునాయాసంగా దాటేస్తుంది. పైగా ఒక సాకెట్‌లో చివరి ఐ7కి సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఎప్పుడూ అక్కర్లేని గిరాకీ ఉంటుంది. అక్కడ ఐ5 కొని మిగిలింది ఎస్‌ఎస్‌డీ మీద పెట్టడం మేలు.

"ప్రాసెసర్ మారిస్తే విండోస్ 11 వచ్చేస్తుంది." మైక్రోసాఫ్ట్ లిస్టు ఇంటెల్‌లో 8వ జనరేషన్, ఏఎండీలో రైజెన్ 2000 దగ్గర్నుంచి మొదలవుతుంది. పైగా టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కావాలి. హెచ్61లోనో హెచ్110లోనో ఏ ప్రాసెసర్ పెట్టినా ఆ గీత దాటలేరు. ఏఎమ్4 వాళ్లు దాటగలరు.

"పేరు చివర ఎఫ్ ఉన్నది చవక, తీసుకుందాం." ఐ5-9400ఎఫ్, ఐ3-10100ఎఫ్ లాంటివాటిలో గ్రాఫిక్స్ పనిచేయదు. రైజెన్ 3600కీ, 5600కీ అసలు లేదు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా పెట్టి బోర్డు పోయిందనుకుంటారు. రైజెన్ 3200జీ తీసి 5600 పెట్టేవాళ్లు ముఖ్యంగా గమనించండి.

"ఫార్మాట్ కొట్టాలి, డేటా పోతుంది." అక్కర్లేదు. అదే విండోస్ లేస్తుంది. అయితే రైజెన్ బోర్డుల్లో కొత్త ప్రాసెసర్ పెట్టగానే నల్ల స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో ఒక హెచ్చరిక వస్తుంది: ఎఫ్‌టీపీఎమ్ (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎమ్) మారింది, రీసెట్ చెయ్యాలంటే వై నొక్కు, వద్దంటే ఎన్ నొక్కు అని. అది చూసి అర్ధరాత్రి ఫోన్ చేసినవాళ్లున్నారు, వాళ్లని తప్పుపట్టను, ఆ భాషే అలా భయపెడుతుంది. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) వాడకపోతే నిశ్చింతగా వై నొక్కండి. వాడుతుంటే ప్రాసెసర్ విప్పకముందే రికవరీ కీ రాసిపెట్టుకోండి, లేదా బిట్‌లాకర్ ఆపేసి మొదలుపెట్టండి.

"సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్‌కి లైఫ్ ఉండదు." బోర్డులు పోతాయి, కరెంటు ఇచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్‌లు పోతాయి. దానంతటదే చచ్చిపోయిన ప్రాసెసర్ మాత్రం నా బల్ల మీదికి చాలా అరుదుగా వస్తుంది. పైన అచ్చు చదవండి. మోడల్ నంబర్ బదులు ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉంటే అది టెస్టింగ్ కోసం ఇచ్చిన శాంపిల్, దాని జోలికెళ్లొద్దు.

"కూలర్ లాగితే వచ్చేస్తుంది." ఇంటెల్‌లో వస్తుంది. ఏఎమ్4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, పాత పేస్టు గట్టిపడితే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది, లాక్ వేసి ఉన్నా సరే. ముందు పది నిమిషాలు సిస్టమ్ నడిపి పేస్టు వేడెక్కనివ్వండి. ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, క్లిప్పులు వదులు చేసి, కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పి, అది జారడం మొదలయ్యాక ఎత్తండి. అయినా పిన్నులు వంగాయా? లోపలి ములుకు తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొనని పిన్నుకి తొడిగి కొంచెం కొంచెంగా నిలబెట్టండి, ఒకేసారి లాగొద్దు. విరిగితే అది ఏ పిన్నో చూసుకోవాలి. గ్రౌండ్ పిన్ అయితే చాలాసార్లు నడిచేస్తుంది, మెమరీ పిన్ అయితే ఒక వైపు ర్యామ్ స్లాట్ కనిపించడం మానేస్తుంది.