నీరసానికి సెలైన్ బాటిల్ చాలదు

కాళ్ల పీకుడు, గుండె దడ, నీరసం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. నలభై అయిదు దాటిన ఆడవాళ్లు డాక్టరు దగ్గర చెప్పుకునేవి ఇవే. మనసు బాగోలేదన్న మాట నోటికి రాదు. దాంతో ఒక సెలైన్ బాటిల్, ఒక బీకాంప్లెక్స్ ఇంజెక్షన్‌తో పని అయిపోతుంది. మూడో రోజుకు మళ్లీ మామూలే.

డిప్రెషన్ ముందా, ఒంటి జబ్బు ముందా? ఆస్ట్రేలియాలో 45–50 ఏళ్ల మధ్య ఉన్న 7,407 మంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో దారి రెండు వైపులా కనిపించింది. తర్వాత డిప్రెషన్ లక్షణాలు వచ్చినవాళ్లకు, అవి బయటపడక ముందే ఒకటికి మించి దీర్ఘకాలిక జబ్బులు ఉండే అవకాశం మిగతావాళ్లకంటే 1.8 రెట్లు ఎక్కువ. బయటపడ్డాక అది 2.4 రెట్లయింది.

దిగులు నెలల తరబడి వదలకపోతే చాలామందిలో ఒత్తిడిలో ఊరే కార్టిసాల్ హార్మోన్ అదుపు తప్పుతుంది. కాలేయం నుంచి చక్కెర రక్తంలోకి వస్తుంది, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. ఆ కొవ్వు ఊరికే ఉండదు. వాపును పెంచే రసాయనాలను వదులుతుంది. అవి రక్తనాళాలను పాడుచేస్తాయి, మెదడు మీదా పనిచేసి ఉత్సాహాన్ని చంపుతాయి. సరిగ్గా ఈ వయసులోనే, నెలసరి ఆగే దశలో, ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ ఎగుడుదిగుడవుతుంది. రాత్రి ఆవిర్లు, చెమటలతో నిద్ర చెడుతుంది.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఏళ్ల మీద తగ్గాల్సిన ఈస్ట్రోజన్ రోజుల్లో పడిపోతుంది. ఇది మన దగ్గర చిన్న విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 8 శాతం పైనే.

డిప్రెషన్ ఉందేమో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు వివరంగా చూడాలి. తొమ్మిదోది చనిపోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాక ఏది వచ్చినా ఆ రోజే మాట్లాడాలి; ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలి-మానస్ నంబరు 14416.

అదే వారంలో హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12 విటమిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) పరీక్షలు చేయించాలి, బీపీ చూపించుకోవాలి. రక్తహీనత, థైరాయిడ్ లోపం అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటాయి. ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వాడుతుంటే అది పరగడుపున నీళ్లతోనే, కాఫీకి అరగంట నుంచి గంట ముందు పడాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే డోసు పెంచుతూ పోతారు, నీరసం మాత్రం తగ్గదు.

డిప్రెషన్ మందులు పూర్తిగా పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొనే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు ఎస్సెస్సారై అనే రకం డిప్రెషన్ మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం జరిగే ముప్పు పెరుగుతుంది. ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. డిప్రెషన్ మందులు కోలుకున్నాకా కనీసం ఆరు నెలలు వాడాలి. బాగుందని ఒక్కసారే ఆపేస్తే కొందరికి తల తిరుగుతుంది, ఒళ్లు జివ్వుమంటుంది. అలవాటు పడిపోయామేమోనని భయపడతారు గానీ, అది వ్యసనం కాదు. డోసు మెల్లగా తగ్గించకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది అది.