గీజరులో పేరుకునే రాయి

గత డిసెంబరులో ఒక తెల్లవారుజామున గీజరు స్విచ్చు వేయగానే మా ఇంటి కరెంటు మొత్తం పోయింది. స్విచ్చు ఆపి మెయిన్ ఎక్కిస్తే దీపాలు వెలిగాయి, మళ్ళీ వేస్తే మళ్ళీ పోయాయి. ఆ మధ్యాహ్నం మెకానిక్కు వచ్చి గీజరును దింపి, నీళ్ళు వంపేసి, అడుగున ఉన్న మూతను ఊడదీసేసరికి బకెట్టులోకి జలజలమని తెల్లటి పెచ్చులు రాలాయి. నీటిని కాచే ఎలిమెంటు రాగి గొట్టమన్న సంగతి చూసి పోల్చుకోలేనంతగా, దాని చుట్టూ చిటికెన వేలంత మందాన సున్నం పట్టి ఉంది. ఒక పెచ్చును కడిగి పళ్ళెంలో పెట్టి నిమ్మకాయ పిండితే బుసబుసమని నురగ వచ్చింది. ఆ నురగలో ఉన్నది బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు), ఆ పెచ్చు కాల్షియం కార్బొనేట్, అంటే అచ్చంగా సున్నపురాయి.

కడపలో ఉండేవారికి ఈ రాయి కొత్తది కాదు. మన వంటింటి గట్టు మీద పరిచే నల్లటి కడప బండ ఒక రకం సున్నపురాయే, అందుకే దాని మీద నిమ్మరసం గానీ చింతపండు పులుసు గానీ పడి కాసేపు నిలిస్తే తెల్లటి మచ్చ మిగులుతుంది. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలు వెలసింది కూడా ఈ రాతి కోసమే. వాన నీరు గాలిలోనుంచీ, అంతకంటే ఎక్కువగా మట్టిలోనుంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త ఆమ్లగుణం తెచ్చుకుంటుంది, ఆ నీరు నేలలోకి దిగి రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచినప్పుడు సున్నపురాతిని బైకార్బొనేట్ రూపంలో కరిగించుకుంటుంది. బోరు వేసి మనం పైకి తోడుకునేది ఆ నీటినే. సబ్బు నురగ రాకపోవడానికీ, పప్పు ఎంతసేపు ఉడికినా మెత్తబడకపోవడానికీ ఆ కాల్షియమే కారణం.

ఇలా కరిగిన రాయి నీటిలో నిలవాలంటే ఆ వాయువు నీటిలోనే ఉండాలి. నీటిని కాచినప్పుడు వాయువు బయటికి పోతుంది, దానితో కరిగి ఉన్న కాల్షియం తిరిగి రాయిగా మారి అన్నిటికంటే వేడిగా ఉన్న చోట, అంటే ఎలిమెంటు మీద, అతుక్కుంటుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల్లో పైకప్పు నుండి వేలాడే రాతి ఊడలను చూసినవారు ఈ చర్యనే చూశారు. మూడు కిలోమీటర్లకు పైగా సాగే ఆ గుహలను నీరు సున్నపురాతిని కరిగించుకుంటూ తొలిచింది, పైనుంచి కారే చుక్కలు గుహ గాలిలోకి తమ వాయువును వదిలేసి రాతిని అక్కడే దించాయి. అక్కడ వేల ఏళ్ళు పట్టిన పనిని వేడి సాయంతో గీజరు ఒక్క శీతాకాలంలో చేస్తుంది.

ఎంత రాయి దిగుతుందో లెక్క వేసి చూడవచ్చు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన మేలైన పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత (నీటిలో కరిగి ఉన్న కాల్షియం వంటి లవణాల మోతాదు), వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకూ అనుమతిస్తారు. మన బోరు నీటిలో కాచితే రాయిగా దిగే భాగం 300 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. రోజుకు 60 లీటర్ల చొప్పున నాలుగు నెలలు వాడితే 7,200 లీటర్ల నీటితోపాటు రెండు కిలోలకు పైగా రాయి గీజరులోంచి వెళుతుంది. అందులో పదో వంతు మాత్రమే లోపల నిలిచినా రెండు వందల గ్రాములు దాటుతుంది.

సున్నం పట్టిన గీజరు కరెంటు ఎక్కువగా కాలుస్తుందని అందరూ అంటారు. మంట కింద ఉండి పాత్ర పైన ఉండే పద్ధతిలో అది నిజం, ఎందుకంటే పాత్రలోకి వెళ్ళలేని వేడి పొగగొట్టం గుండా పోతుంది. కరెంటు గీజరులో ఎలిమెంటు పూర్తిగా నీటిలో మునిగి ఉంటుంది కనుక అందులో పుట్టిన వేడి కాస్త ఆలస్యమైనా నీటిలోకే చేరాలి, దానికి మరో దారి లేదు. అసలు నష్టం ఎలిమెంటుకు జరుగుతుంది. రాగి ఈ రాయి కంటే వంద రెట్లకు పైగా బాగా వేడిని ప్రసరింపజేస్తుంది, అలాంటి రాగి మీద రాతి దుప్పటి కప్పితే వేడి బయటికి వెళ్ళలేక లోపలి ఉష్ణోగ్రత పెరిగిపోతుంది. పెచ్చుల కింద చిక్కిన నీరు ఆవిరై బుడగలుగా పగిలినప్పుడే గీజరులో గులకరాళ్ళు దొర్లినట్టు చప్పుడు వస్తుంది. రాగి గొట్టం లోపల వేడిని పుట్టించే నైక్రోమ్ తీగ ఉంటుంది, ఆ తీగకూ గొట్టానికీ మధ్య కరెంటును ఆపే మెగ్నీషియం ఆక్సైడు పొడి ఉంటుంది. అతివేడికి గొట్టం సన్నగా చిట్లితే ఆ పొడి తేమను పీల్చుకుంటుంది, అప్పుడు కరెంటు నీటిలోకి, ట్యాంకులోకి లీకవుతుంది. మా ఇంట్లో జరిగింది అదే. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ ఆ తెల్లవారుజామున మమ్మల్ని కాపాడింది. మాటిమాటికీ పడిపోతోందని విసుగుతో దానిని తీసేయించి వైర్లు నేరుగా కలిపించుకున్నవారిని నేను ఎరుగుదును, దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. ఎర్తు వైరు సరిగా ఉందో లేదో చలికాలం మొదలు కాకముందే చూపించుకోవాలి.

నీళ్ళు ఆలస్యంగా కాగుతున్నాయనే ఫిర్యాదు మాత్రం ప్రతిసారీ లోపాన్ని సూచించదు. 15 లీటర్ల, 2,000 వాట్ల గీజరు 32 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు తేవడానికి పదిహేను నిమిషాలు తీసుకుంటే, 20 డిగ్రీల నీటికి ఇరవై ఒక్క నిమిషాలు పడుతుంది. దానికి తోడు వోల్టేజీ 230 నుండి 190కి పడిపోతే, సామర్థ్యం వోల్టేజీ వర్గానికి అనుపాతంలో తగ్గుతుంది కాబట్టి, ఆ 2,000 వాట్ల ఎలిమెంటు 1,370 వాట్లకు లోపే పనిచేసి అరగంట పట్టిస్తుంది.

గీజరు కింది వాల్వు నుండి చుక్కలు కారడం కూడా చాలామందిని కలవరపెడుతుంది. 20 నుండి 60 డిగ్రీలకు వేడెక్కిన నీరు ఒకటిన్నర శాతం వ్యాకోచిస్తుంది, అంటే 15 లీటర్లకు దాదాపు పావు లీటరు. ఆ అదనపు నీటికి వెనక్కి వెళ్ళే దారి లేని అమరికలో అది సేఫ్టీ వాల్వు గుండానే బయటికి రావాలి. ఆ చుక్కలను ఆపడానికి వాల్వుకు బిరడా బిగించడం ట్యాంకును పగలనివ్వడమే. ఈ వాల్వు నోటికీ సున్నం పడుతుంది కనుక నెలకోసారి దాని మీటను ఎత్తి నీరు వస్తోందో లేదో చూడాలి.

గ్యాసు గీజరు వాడేవారికి ఒక్క మాట చెప్పాలి. చలికి కిటికీ మూసిన స్నానాల గదిలో గాలి చాలక గ్యాసు సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. స్నానానికి వెళ్ళిన మనిషి తల తిరిగి, తలుపు తీసే ఓపిక కూడా లేక అక్కడే కూలిపోతాడు. ఆ గీజరును గది బయట బిగించుకోవడం తప్ప దీనికి నమ్మదగిన ఉపాయం లేదు.

ఇక సున్నం సంగతి. థర్మోస్టాట్‌ను 60 డిగ్రీలు దాటనీయకపోతే పెచ్చు కట్టడం బాగా నెమ్మదిస్తుంది. ఏటా నవంబరులో మెకానిక్కును పిలిపించి ఎలిమెంటును బయటికి తీయించి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో నురగ ఆగేదాకా నానబెట్టాలి. కొందరు తొందరగా అవుతుందని మరుగుదొడ్లు కడిగే యాసిడ్ పోస్తారు గానీ, అది సున్నంతో పాటు లోహాన్నీ తింటుంది.

మూత తీసినప్పుడే మెగ్నీషియం కడ్డీనీ చూడమని అడగండి. ఓడల అడుగున ఉండే రాగి రేకుకు జింకునో ఇనుమునో తగిలిస్తే తుప్పు వాటికి పట్టి రాగి నిలుస్తుందని ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1824లో చూపించాడు, గీజరు ట్యాంకులో మెగ్నీషియం చేసేది ఆ పనే. మా గీజరులోంచి తీసిన కడ్డీ సగానికి పైగా కరిగిపోయి లోపలి ఇనుప తీగ బయటపడి ఉంది. ఇంకో చలికాలం అలాగే వదిలి ఉంటే తుప్పు ట్యాంకు ఉక్కును పట్టేది. కొత్త కడ్డీ వేయించి, వేసిన తేదీని గీజరు మీదనే పెయింటుతో రాయించాను.