మెనూలో ‘వి’ ఉంటే గుడ్డు లేనట్టేనా? బాత్ టీ రూముల అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో టీ రూముల్లో వడ్డన పని చేస్తాను. వేసవి వస్తే చాలు, అమ్మానాన్నలను వెంటబెట్టుకుని లండన్ నుంచి రైల్లో వచ్చే మనవాళ్లు తరచూ కనిపిస్తారు. నా తెలుగు వినగానే పెద్దవాళ్ల మొహం విప్పారుతుంది. వెంటనే అడిగేది ఒకటే: "ఇందులో గుడ్డు లేదుగా అమ్మా?" పక్కనుంచి కొడుకు "వెజ్ అని రాసుందిగా, తిను" అంటాడు.

ఆ మాట నమ్మి తినేయకండి.

అపోహ: మెనూలో ‘వి’ (V, అంటే వెజిటేరియన్) గుర్తు ఉంటే గుడ్డు ఉండదు.

వాస్తవం: ఇక్కడ వెజిటేరియన్ అంటే మాంసం, చేప, జంతువుల నుంచి తీసే జెలటిన్ లేనిదని మాత్రమే. గుడ్డు వీళ్ల లెక్కలో వెజ్జే. మన దేశంలో ఆకుపచ్చ చుక్క చూసి కొనే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఊరికి పేరు తెచ్చిన శాలీ లన్ బన్ను బ్రియోష్ అనే మెత్తటి ఫ్రెంచ్ రొట్టె జాతిది, గుడ్డు, వెన్న కలిస్తేనే ఆ మెత్తదనం. ఆఫ్టర్‌నూన్ టీ (టీతో పాటు చిరుతిళ్లు వడ్డించే పద్ధతి) స్టాండ్ మీద మయొనైజ్ రాసిన శాండ్‌విచ్, లెమన్ కర్డ్, మకరాన్, కేకు, అన్నిటా గుడ్డే. స్కోన్ (చిన్న గుండ్రటి బన్నులాంటిది) పిండిలో లేకపోయినా, పైన మెరుపు కోసం చాలాచోట్ల గుడ్డు పూస్తారు.

మరేం చేయాలి? ఇక్కడి చట్టం చెప్పే 14 అలర్జెన్లలో, అంటే అలర్జీ తెచ్చే పదార్థాల్లో, గుడ్డు ఒకటి. అది ఉందో లేదో అడిగిన కస్టమరుకి చెప్పి తీరాలి. అందుకే "వెజ్జేనా?" అని కాదు, "ఎగ్ ఉందా? అలర్జెన్ షీట్ చూపించండి" అని అడగండి. మొహమాటం అక్కర్లేదు, మాకిది రోజూ ఉండే పనే. వీగన్ (గుడ్డు, పాలు ఏవీ లేని) స్కోన్ దొరికితే అది తీసుకుని, పాలు పట్టింపు లేనివాళ్లు క్లాటెడ్ క్రీమ్ (చిక్కటి మీగడ) విడిగా చెప్పుకోవచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కొత్తలో వేరేచోట పనిచేస్తున్నప్పుడు నాకూ ఇది తెలియదు. ఓ పెద్దావిడ అడిగితే "వెజ్జే పిన్నీ" అన్నాను. ఆవిడ సగం తిన్నాక వంటగదిలో కనుక్కుని వచ్చి నిజం చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. మిగిలిన ముక్క మీద పేపర్ నాప్కిన్ కప్పి, రెండు గ్లాసుల నీళ్లు తాగి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ మొహం ఇంకా నా కళ్లముందే ఉంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

శాలీ లన్ బన్ను, బాత్ బన్ను ఒకటి కావు. రెండోది చిన్నది, తియ్యనిది, పైన చక్కెర పలుకులుంటాయి. 1680లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన శాలీ అనే అమ్మాయి శాలీ లన్ బన్ను చేసిందన్న కథకు గట్టి ఆధారం లేదు.

నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ 1801 నుంచి 1806 దాకా ఇక్కడ ఉన్న మాట నిజం. కానీ ఆవిడ ఇక్కడ ఆఫ్టర్‌నూన్ టీ తాగిందనడం తప్పు, ఆ వాడుక 1840ల నాటిది.

పంప్ రూమ్ అనే రెస్టారెంట్‌లో భోంచేయడానికి, దాని పక్కనే ఉన్న రోమన్ బాత్స్ (రోమన్ల కాలం నాటి స్నానాల కొలను) టికెట్ అక్కర్లేదు. అనవసరంగా డబ్బు పోసి కొనకండి.

ఇక రోమన్ కొలనులోని నీళ్లు దోసిట్లో పట్టి తాగితే రోగాలు పోతాయన్న ఫార్వర్డ్‌లు దయచేసి ఆపండి. అది శుద్ధి చేయని నీరు, చెయ్యి కూడా పెట్టకూడదు. 1978లో ఈ ఊటనీటిలో ఈదిన ఓ అమ్మాయి మెదడుకు అమీబా సోకి చనిపోయింది. తాగాలనిపిస్తే పంప్ రూమ్ ఫౌంటెన్ దగ్గర శుద్ధి చేసిన నీరు ఇస్తారు. గోరువెచ్చగా, ఖనిజాల రుచితో ఉంటుంది. పిల్లలకు ముందే చెప్పి ఇవ్వండి.