ఓడ తయారైంది, ప్లాంటే రాలేదు

ఓడలకు ద్రవ హైడ్రోజన్ పనికొస్తుందా అన్న వాదన మళ్లీ రాజుకుంది. ఓడలు వదిలే కర్బనానికి వెల కట్టే ప్రణాళికను 2025 అక్టోబరులో లండన్‌లో సమావేశమైన అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఏడాది పాటు వాయిదా వేసింది. వాయిదాకు 57 ఓట్లు, వద్దని 49. డీజిల్ కాల్చినవాడికి అదనపు ఖర్చేమీ పడనప్పుడు ఖరీదైన ఇంధనం ఎవరు కొంటారు? కాబట్టి ముందు మూలపడేది ద్రవ హైడ్రోజనే అని పోటీ ఇంధనాలైన అమ్మోనియా, మెథనాల్ వర్గాలు అంటున్నాయి. ఇంకోపక్క ఇటలీలోని ఆంకోనా యార్డులో ఫిన్‌కాంతియేరి కంపెనీ వైకింగ్ లిబ్రా అనే క్రూయిజ్ ఓడ కడుతోంది. 2026 చివర్లో అప్పగించేలా ఒప్పుకున్న ఈ ఓడ కొంతమేర ద్రవ హైడ్రోజన్‌తో నడుస్తుంది. హైడ్రోజన్ నుంచి కరెంటు పుట్టించే దాని ఫ్యూయల్ సెల్స్ 6 మెగావాట్ల వరకు ఇస్తాయి.

1898లో జేమ్స్ డ్యూయర్ హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చిన దగ్గర్నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. శ్రీహరికోట క్రయోజెనిక్ ఇంజిన్ల పుణ్యమా అని హైడ్రోజన్ ద్రవంగా ఉండాలంటే కావాల్సిన మైనస్ 253 డిగ్రీల సంగతి మనకు కొత్తేమీ కాదు. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 2022లో నార్వే పడమటి తీరంలో ఏం జరిగిందో చూడాలి.

అంతకు ముందు ఒక టెండరుంది. నార్వేలో రోడ్డు మధ్యలో సముద్రపు పాయ అడ్డొస్తే అవతలికి చేర్చే ఫెర్రీ కూడా రోడ్డు కిందే లెక్క. అందుకే ఫెర్రీల టెండర్లు రోడ్ల శాఖ పిలుస్తుంది. యెల్మెలాండ్ రేవు మార్గంలో తిరిగే ఓ ఫెర్రీ కనీసం సగం శక్తిని హైడ్రోజన్ నుంచే తీసుకోవాలని ఆ శాఖ షరతు పెట్టింది. నోర్లెడ్ కంపెనీ 2019లో ఒప్పందం చేసుకుంది. అలా వచ్చిందే ఎంఎఫ్ హైడ్రా: 82 మీటర్ల పొడవు, 300 మంది, 80 కార్లు. 80 క్యూబిక్ మీటర్ల ట్యాంకును పైకప్పు మీద పెట్టారు. హైడ్రోజన్ గాలికంటే చాలా తేలిక. లీకైనా జనం ఉండే చోట పోగుపడకుండా పైకి పోవాలన్నది అక్కడి ఆలోచన. ఒక్కొక్కటి 200 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్స్ రెండున్నాయి.

ఓడ 2021లోనే చేతికొచ్చింది. హైడ్రోజన్‌తో నడవడం మాత్రం 2023 మార్చి 31న మొదలైంది. మధ్యలో గడిచిన కాలం ఊరికే పోలేదు. గొట్టంలో కాస్త గాలి మిగిలినా ఆ చలికి అదే గడ్డకట్టి వాల్వులకు అడ్డం పడుతుంది. గాలిని తరిమేద్దామంటే నైట్రోజనూ అక్కడ గడ్డే, హీలియం తెచ్చుకోవాలి. అలాంటి ఇంధనాన్ని జనం ఎక్కి దిగే ఫెర్రీలో నింపడానికి ఒక్కో పద్ధతినీ కొత్తగా రాసి, పరీక్షించి, అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇదంతా అయింది, ఓడ నడిచింది. కానీ ఇంధనం జర్మనీలోని లోయ్నాలో ఉన్న లిండే ప్లాంటు నుంచి, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం ట్యాంకర్ లారీల్లో రావాలి. దేశం నిండా జలవిద్యుత్తు పెట్టుకుని నార్వే చేసిన పని ఇది!

స్వదేశంలోనే తయారుచేద్దామన్న ఆలోచన లేకపోలేదు. అదే పడమటి తీరంలోని మోంగ్‌స్టాడ్‌లో ఓడల కోసమే ద్రవ హైడ్రోజన్ ప్లాంటు పెడతామని బీకేకే, ఈక్వినోర్, ఎయిర్ లిక్విడ్ కంపెనీలు కలిసి ముందుకొచ్చాయి. 2024 నుంచి సరఫరా అన్నాయి. దాన్ని నమ్ముకుని విల్‌హెల్మ్‌సెన్ సంస్థ తోపేకా పేరుతో రెండు సరుకు ఓడలు తలపెట్టింది. ప్రభుత్వ సంస్థ ఎనోవా 21.9 కోట్ల క్రోనర్ల సాయం మంజూరు చేసింది. 2022లో ప్లాంటు ఆగిపోయింది. కొనేవాళ్లు చాలినంత మంది లేరు, పెట్టుబడి గిట్టుబాటు కాదన్నారు. వెంటనే తోపేకా కూడా ఆగింది. ఇంధనం దొరికే దారి లేదన్నారు.

నా దృష్టిలో మొత్తం కథకు మలుపు ఇదే. ఓడకు డబ్బిచ్చిన ప్రభుత్వం, ప్లాంటు నుంచి తొలి ఏళ్లలో ఇంత కొంటానని హామీ ఇచ్చి ఉంటే రెండూ నిలబడేవి కాదా? ఒకరి కోసం ఒకరు ఆగి ఇద్దరూ పోయారు. ఇందులో హైడ్రోజన్ తప్పు నాకైతే కనబడదు.

అదే ఏడాది ఉత్తర నార్వేలోని బూడో నుంచి లోఫోటెన్ దీవులకు వెళ్లే ఫెర్రీల ఒప్పందం తోర్‌గాటెన్ నోర్డ్ కంపెనీకి దక్కింది. షరతు ఇంకా కఠినం, 85 శాతం హైడ్రోజన్. సముద్రం మీద సుమారు 100 కిలోమీటర్ల దారి. ఇంత పెద్ద ఒప్పందంలో ఎంచుకున్నది ద్రవం కాదు, ఒత్తిడితో కుదించిన వాయువు. దాన్ని బూడోలోనే తయారుచేసుకోవచ్చు. మోంగ్‌స్టాడ్ దెబ్బ ఎక్కడ తగిలిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

వ్యతిరేకుల లెక్కలు తప్పని కాదు. చల్లబరచడానికే హైడ్రోజన్‌లో ఉన్న శక్తిలో దాదాపు మూడో వంతు ఖర్చవుతుంది. డీజిల్ పట్టే చోటుకు నాలుగింతలకు పైగా చోటు కావాలి. ఖండాలు దాటే కంటైనర్ ఓడకు ఇది కుదిరే పని కాదని నేనూ ఒప్పుకుంటా. చిక్కల్లా ఆ లెక్క తెచ్చి చిన్న దూరాల ఫెర్రీల మీద రుద్దడంతోనే.

వాళ్లు తరచూ ఎత్తిచూపే రెండో ఉదాహరణ సూయిసో ఫ్రాంటియర్. 2022 జనవరిలో ఆస్ట్రేలియాలోని హేస్టింగ్స్ రేవులో ఈ జపాన్ ఓడ గొట్టం నుంచి మంట ఎగిసింది. ఎవరికీ ఏమీ కాలేదు. విచారణలో తేలిందేమిటంటే, ఓల్టేజీ సరిపడని సోలెనాయిడ్ వాల్వులు (కరెంటుతో పనిచేసేవి) బిగించారు. పైగా ఆ ఓడ ద్రవ హైడ్రోజన్‌ను మోసుకెళ్లేదే తప్ప దాంతో నడిచేది కాదు, ఇంజిన్లు డీజిల్‌వే. ఆస్ట్రేలియా బొగ్గు నుంచి హైడ్రోజన్ తెచ్చే ఆ ప్రయత్నం నుంచి 2024 చివర్లో జపాన్ కంపెనీ కవాసాకి తప్పుకుంది. అక్కడా చేతికందనిది ఇంధనమే.

మన దగ్గర కాశీలో తిరిగే హైడ్రోజన్ పడవ కూడా కుదించిన వాయువుదే. విశాఖ దగ్గర పూడిమడకలో ఎన్టీపీసీ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. దాంతో తయారుచేస్తామని ప్రకటనలో పేర్లు చెప్పినవి మెథనాల్, యూరియా, విమాన ఇంధనం. రేవు పక్కనే ఉన్నా ద్రవ హైడ్రోజన్ ఊసు లేదు. మోంగ్‌స్టాడ్ తర్వాత ఎవరైనా అలాగే లెక్క వేసుకుంటారు.

వైకింగ్ లిబ్రా వాళ్లు రేవులో ప్లాంటు వస్తుందని ఎదురుచూడట్లేదు. కంటైనర్లలాంటి ట్యాంకులను నింపి తెచ్చి నేరుగా ఓడలోకి ఎక్కిస్తారట. ఓడలో అవే ఇంధన ట్యాంకులు. సరఫరా బెడద ఉండదని కంపెనీ మాట. రేవు వరకు నిజమే. ఆ ట్యాంకులు నింపడానికి మాత్రం ఎక్కడో ఒక ద్రవీకరణ ప్లాంటు నడుస్తూ ఉండాలి.